కథలెందుకు చదువుతాం?

అబద్ధం చెప్పేవాణ్ని మనిషి నమ్మడు. కానీ కథ చెప్పేవాడి చుట్టూ చేరి కూర్చుంటాడు. కథలోని మనుషులు పుట్టినవారు కారనీ, వారి కష్టాలు జరిగినవి కావనీ తెలిసి కూడా వారికోసం కంటతడి పెడతాడు. నిద్ర మానుకొని పుట తరవాత పుట తిప్పుతాడు. అసలు ఈ లోకంలోనే లేని వ్యక్తుల మంచిచెడ్డలతో మనకేమి పని? కథలు, నవలలు చదవడంవల్ల మనకు ఒరిగేదేమిటి? ఈ ప్రశ్న కొత్తది కాదు. నవలలు చదివి చెడిపోతున్నారని పిల్లలను మందలించిన పెద్దల మాటల్లో ఉన్నదీ ఈ ప్రశ్నే. చదవని రోజున ఏదో వెలితిగా ఉందనుకొనే పాఠకుడి మనసులో ఉన్నదీ ఈ ప్రశ్నే. దీనికి సమాధానం వెదకబోయే ముందు నా బాల్యంలోని ఒక చిన్న సంఘటనను చెబుతాను.

మాది తెనాలి ప్రాంతంలో కాలువ ఒడ్డున ఉన్న ఒక పల్లె. మా అమ్మమ్మకు చదువు రాదు. ఊళ్లోకి వారపత్రిక వచ్చిన రోజున రాత్రి భోజనాలయ్యాక లాంతరు ముందుకు జరిపి నాచేత సీరియల్ చదివించుకొనేది. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఒకసారి కథలో అత్తవారింటినుంచి కట్టుబట్టలతో బయటపడిన ఒక యువతి, ఎటు పోవాలో తెలియక రైలుస్టేషనులో బల్లమీద కూర్చుంటుంది. అక్కడితో ఆ వారం భాగం ముగిసింది. మరునాడు తెల్లవారుజామున అమ్మమ్మ చల్ల చిలుకుతూ కవ్వం ఆపి, "ఒరే అబ్బాయ్, ఆ పిల్లకు రాత్రి తిండి దొరికి ఉంటుందంటావా?" అని అడిగింది. "అది కథ అమ్మమ్మా!" అని నవ్వాను. "కథేలేరా, నాకు తెలియదా! అయినా రాత్రంతా ఒక్కతే కూర్చుని ఉంటుంది గదా" అన్నది. కథ అని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ పిల్ల ఆకలి ఆమెను నిద్రపోనివ్వలేదు. ఆనాడు నవ్విన నేను తరవాత చాలా ఏళ్లపాటు ఆ మాట గురించే ఆలోచించాను.

కథ వినాలనే కోరిక మానవజాతి అంతటికీ ఉన్నదే. మన దేశంలో గుణాఢ్యుని 'బృహత్కథ' మూలరూపంలో దొరకకపోయినా, దానిలోని కథలు 'కథాసరిత్సాగరం' వంటి గ్రంథాల ద్వారా నేటికీ నిలిచి ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో కేతన 'దశకుమారచరిత్రము'ను తెలుగు చేసి కథాకావ్యానికి బాట వేశాడు. 1947లో ప్రారంభమైన 'చందమామ' కొన్ని తరాల బాలబాలికలకు రాజకుమారులను, రాక్షసులను, బేతాళుణ్ని పరిచయం చేసింది. అయితే ఆ కథలలోని మనుషులు ఎక్కువగా మనకు దూరపువారు. మన వీథిలో, మన పక్క ఇంట్లో ఉండే మనిషిని కథలోకి తీసుకొనివచ్చినవి నవల, కథానిక.

తెలుగులో ఈ మార్పు పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తన 'వివేకవర్ధని' పత్రికలో ప్రకటించడం ప్రారంభించారు. ముఖస్తుతులకు లొంగి, మూఢవిశ్వాసాలను నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకొన్న ఒక గృహస్థు కథ అది. భండారు అచ్చమాంబ 1902లో 'ధనత్రయోదశి' కథను రాశారు. 1910లో గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' వెలువడింది. చదువుకొన్న భర్త దారి తప్పితే, చదువు నేర్చిన భార్య తెలివిగా అతణ్ని దిద్దుకోవడం అందులోని ఇతివృత్తం. రాజశేఖరుడు గాని, 'దిద్దుబాటు'లోని గోపాలరావు, కమలిని గాని దేవతలు కారు, మహారాజులు కారు. వారిని చూసినప్పుడు పాఠకుడికి తన ఇల్లే గుర్తుకు వస్తుంది. కథ ఎప్పుడు మన ఇంటి గడప దాటి లోపలికి వచ్చిందో, అప్పుడే అది మనలను ప్రశ్నించడం కూడా మొదలుపెట్టింది.

మనం కథలు ఎందుకు చదువుతామనే ప్రశ్నకు మొదటి సమాధానం ఆనందం. ఈ మాట చెప్పడానికి సంకోచించనవసరం లేదు. మన ఆలంకారికులు దీనిని ఏనాడో అంగీకరించారు. మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు. కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అమంగళ నివారణ, చదివిన తక్షణమే కలిగే పరమానందం, ప్రియురాలి మాటవలె మృదువుగా అందే హితోపదేశం అనేవే ఆ ఆరు. వీటిలో కీర్తి, ధనం ప్రధానంగా కవికి చెందినవి. తక్కినవాటిలో పాఠకుడికి అందేవే ఎక్కువ. వేదం ప్రభువువలె ఆజ్ఞాపిస్తుందనీ, పురాణం మిత్రునివలె నచ్చజెప్తుందనీ, కావ్యం కాంతవలె మనసును కరిగించి తనవైపు తిప్పుకొంటుందనీ పెద్దలు వివరించారు. ఆజ్ఞను ఎదిరించవచ్చు. సలహాను పక్కన పెట్టవచ్చు. కానీ మనసు కరిగిన తరవాత మనం ముందున్న మనిషిగా ఉండలేము. కథ బలమంతా అక్కడే ఉన్నది.

అయితే దుఃఖగాథను చదివి ఆనందించడం ఎలా సాధ్యం? నిజజీవితంలో ఎవరూ కోరుకోని శోకాన్ని పుస్తకంలో వెదుక్కొని మరీ ఎందుకు చదువుతాం? భరతముని కరుణను కూడా రసాలలో ఒకటిగా చెప్పాడు. భట్టనాయకుడు ప్రతిపాదించిన, అభినవగుప్తుడు విస్తరించి చర్చించిన 'సాధారణీకరణం' అనే భావన ఈ చిక్కును విప్పుతుంది. కావ్యంలోని శోకం ఒక ఫలానా వ్యక్తి శోకంగా మిగలదు. అలాగని అది పూర్తిగా నా శోకమూ కాదు. 'ఇది నాది, ఇది పరునిది' అనే గిరి చెరిగిపోయి, మానవులందరికీ సమానమైన శోకంగా అది అనుభవానికి వస్తుంది. సొంత దుఃఖంలో మునిగినవాడికి దానిని పరికించి చూసే తీరిక ఉండదు. పరాయివాడి దుఃఖం పట్టనివాడికి అది హృదయాన్ని తాకదు. ఈ రెంటికీ నడుమ నిలిచి, మునగకుండానే లోతు తెలుసుకొనే వీలును కథ కల్పిస్తుంది. అమ్మమ్మకు ఆ రాత్రి కలిగింది ఇటువంటి అనుభవమే కావచ్చు.

రెండో సమాధానం లోకజ్ఞానం. ఒక మనిషికి ఉండేది ఒక్క జీవితం. అతడు పుట్టే ఊరు ఒకటి, బతికే కాలం ఒకటి. ఈ పరిమితిని దాటించే సాధనాలలో కథ ఒకటి. కృష్ణా డెల్టాలో పుట్టిన నాకు నిజాం పాలనలోని తెలంగాణ పల్లెల గురించి పాఠాలలో చదివిన నాలుగు వాక్యాలు తప్ప మరేమీ తెలియదు. దాశరథి రంగాచార్య రాసిన 'చిల్లర దేవుళ్లు' చదివినప్పుడు, ఆంధ్రప్రాంతంనుంచి బతుకుతెరువు వెదుక్కొంటూ వెళ్లిన సంగీత విద్వాంసుడితోపాటు నేనూ ఒక దొరగారి ఊరిలో అడుగుపెట్టాను. వెట్టిచాకిరి అంటే ఏమిటో, దొర గడీలో ఆడబాపగా బతకడమంటే ఏమిటో అతని కళ్లతో చూశాను. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదివినప్పుడు అటువంటి పల్లెలలో తిరుగుబాటు ఎలా మొలకెత్తుతుందో తెలిసింది. చరిత్ర గ్రంథం ఒక వ్యవస్థను వివరిస్తుంది. నవల ఆ వ్యవస్థ కింద ఒక మనిషి ఉదయం లేచి రాత్రి పడుకొనేవరకు ఎలా గడుపుతాడో చూపుతుంది. ఒకటి ఉన్నంతమాత్రాన రెండోది అనవసరం కాదు.

ఇంకొక ముఖ్యమైన భేదాన్ని కూడా విద్యార్థులు గమనించాలి. నిజజీవితంలో ఎదుటివాడి మనసులోకి ప్రవేశించే మార్గం మనకు లేదు. ముఖం చూసి, మాట విని ఊహించుకోవడమే. ఎంత దగ్గరివాడైనా మనకు చెప్పకుండా దాచుకొన్న భాగం ఉండనే ఉంటుంది. కథారచయిత ఒక్కడే ఆ తలుపు తెరిచి చూపగలడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య భయస్థుడు. ఇంటా బయటా అందరికీ జడిసే చిరుద్యోగి. అటువంటివాడు మన కార్యాలయంలో ఎదురైతే చులకనగా చూసి పక్కకు తప్పుకొంటాం. నవలలో ఆ భయం లోపలినుంచి కనిపిస్తుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో, దానిని దాచుకోవడానికి అతడెంత శ్రమపడుతున్నాడో తెలుస్తుంది. ఆ తరవాత అటువంటి మనిషి ఎదురైనప్పుడు అతణ్ని వెనుకటి చూపుతో చూడటం కష్టం.

మూడో సమాధానం ఆత్మపరిశీలన. ఇతరులను చూపుతూ చూపుతూ కథ హఠాత్తుగా మనలనే చూపుతుంది. త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావును మొదట చదివినప్పుడు జాలిపడ్డాను, విసుక్కొన్నాను. కొన్ని పుటలు గడిచాక, తన పరాజయాలకు అతడు చెప్పుకొనే సమర్థనలలో కొన్ని నా నోట కూడా వచ్చినవేనని గుర్తించాను. అప్పటివరకు నాలోని ఆ బలహీనతకు పేరు లేదు. పేరు తెలియని వ్యాధికి మందు వెదకలేం. మిత్రుడు మన లోపాన్ని ముఖం మీద చెబితే కోపం వస్తుంది. నవలలోని పాత్రద్వారా అదే లోపం తెలిసినప్పుడు, ఆ గదిలో ఉన్నది మనమూ పుస్తకమూ మాత్రమే. సిగ్గుపడినా చూసేవారుండరు. మారాలనుకొంటే అడ్డుపడేవారూ ఉండరు.

ఈ శక్తిని గుర్తించినవారు కనుకనే మన పూర్వులు పుస్తకాన్ని ఇంటింటికీ చేర్చడానికి అంత శ్రమపడ్డారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయోద్యమానికి జీవితాన్ని ధారపోశారు. పాతూరి నాగభూషణం ప్రభృతుల కృషితో 1935లో మా ప్రాంతంలోని కాలువమీద పడవలోనే గ్రంథాలయం నడిచింది. ఒడ్డున ఉన్న పల్లెలకు పుస్తకాలు నీటిమీద వచ్చేవి. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన ఆళ్వారుస్వామి, పుస్తకాల సంచిని మోసుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. 1960నాటి పౌరగ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతూ వచ్చింది. అంటే మన ఊరి గ్రంథాలయంలోని ప్రతి పుస్తకంలోనూ మన ఇంటివారి పైసలు కొన్ని ఉన్నాయన్నమాట.

పాలకులు కూడా కథ శక్తిని గుర్తించారు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయింది. దళిత కుటుంబాన్ని కేంద్రంగా చేసుకొని, భూస్వామికి పాలేరుకు మధ్య న్యాయం గురించి ప్రశ్నించిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి చాలా సంవత్సరాలు పట్టింది. కల్పితమైన మనుషుల కథకు ప్రభుత్వం ఎందుకు భయపడాలి? చదివినవారు ఆ కథను కాగితంమీదనే వదిలిపెట్టరని దానికి తెలుసు గనుక.

మరి చదివినవారందరూ నిజంగా మారతారా? ఆధునిక మనోవిజ్ఞానశాస్త్రం ఈ ప్రశ్నను ప్రయోగాల ద్వారా పరీక్షించింది. 2013లో న్యూయార్కులోని ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. మంచి సాహిత్య విలువ ఉన్న కథను కొద్దిసేపు చదివినవారు, ఛాయాచిత్రంలో కళ్లను మాత్రమే చూసి ఎదుటివారి మనోభావాన్ని ఇతరులకంటె మెరుగుగా గుర్తించగలిగారని అందులో తేల్చారు. ఆ వార్త ప్రపంచమంతటా పాఠకులను సంతోషపెట్టింది. కానీ 2016లో ఇతరులు అవే ప్రయోగాలను మరింత పెద్ద సంఖ్యలో వ్యక్తులతో తిరిగి చేసినప్పుడు ఆ ఫలితం నిలబడలేదు. 2018లో పద్నాలుగు ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించినప్పుడు, కథాపఠనంవల్ల ఇతరులను అర్థం చేసుకొనే శక్తి పెరిగే మాట నిజమే గాని, ఆ పెరుగుదల స్వల్పమని తేలింది. ఒక కథ చదవగానే మనిషి సహృదయుడైపోడు. ఈ సంగతి నాకు ఏ ప్రయోగమూ చెప్పనక్కరలేదు. నా జీవితమే చెప్పింది.

నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తూ 'మాలపల్లి'ని కళాశాల గ్రంథాలయంనుంచి తీసుకొనిపోయాను. మూడు రోజులు వసారాలో మంచంమీద పడుకొని చదివాను. పాలేర్ల పక్షాన నిలబడిన సంగదాసు, ఆసామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణం విడిచిన ఘట్టం చదివినప్పుడు దుఃఖం ఆగలేదు. పుస్తకం గుండెలమీద పెట్టుకొని చాలాసేపు ఏడ్చాను. అంతలో మా పాలేరు పొలంనుంచి వచ్చి పెరట్లో కూర్చున్నాడు. టీ పోయమని అమ్మ నన్ను పిలిచింది. కళ్లు తుడుచుకొని వెళ్లాను. అతని సత్తు గ్లాసు పశువులకొట్టం చూరులో దోపి ఉంటుంది. అతడే తీసి కడుక్కొని నేలమీద పెట్టి దూరంగా జరిగాడు. నేను వంగి, గిన్నె గ్లాసుకు తగలకుండా, ఎత్తునుంచి టీ పోశాను. "ఏం అబ్బాయిగారూ, కళ్లు ఎర్రగా ఉన్నాయి?" అని అడిగాడు. "ఏమీ లేదు, పుస్తకం చదువుతున్నాను" అన్నాను. తిరిగి వసారాలోకి వచ్చి తరవాతి అధ్యాయం చదువుకొన్నాను.

ఆ రోజున నాకు ఏమీ అనిపించలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన విషయం ఇదే. చూరులోని గ్లాసుకూ చేతిలోని పుస్తకానికీ మధ్య ఉన్న దూరం పది అడుగులకు మించదు. ఆ పది అడుగులూ నేను దాటలేకపోయాను. కథలోని పిల్ల ఆకలికి నిద్ర పట్టని మా అమ్మమ్మ కూడా ఆ గ్లాసును ఏనాడూ ప్రశ్నించలేదు. ఆమెను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆమె ఆ కాలపు మనిషి, చదువు లేనిది. నేను చదువుకొన్నవాణ్ని. పైగా సరిగ్గా ఆ అన్యాయం గురించే రాసిన నవలను అదే గంటలో చదువుతున్నవాణ్ని. ఆ నవలలో నావంటి ఆసామి కొడుకు కూడా ఉన్నాడు. అతని పేరు రామానాయుడు, సంగదాసుకు స్నేహితుడు. చదువుతున్నంతసేపు నన్ను నేను సంగదాసుగా ఊహించుకొన్నాను గాని, నా స్థానం ఆ ఇంట్లో ఎక్కడ ఉన్నదో చూసుకోలేదు.

ఎనిమిదేళ్ల తరవాత అధ్యాపకుడిగా డిగ్రీ తరగతిలో ఆ నవలను గురించి ఉపన్యసిస్తున్నాను. వెనుక వరుసనుంచి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మీ ఇంట్లో పాలేరు ఉండేవాడా?" అని వినయంగానే అడిగాడు. ఉండేవాడని చెప్పాను. "ఆయన మీ ఇంట్లో నీళ్లు దేంతో తాగేవాడండీ?" అన్నాడు. చూరులోని సత్తు గ్లాసు కళ్లముందు మెదిలింది. తరగతి నిశ్శబ్దంగా ఉన్నది. ఉన్నదున్నట్లు చెప్పాను. ఆ ఆదివారమే ఊరికి వెళ్లాను. అప్పటికి పశువులకొట్టం తీసివేసి డాబా వేశారు. చూరూ లేదు, గ్లాసూ లేదు. ఆ పాలేరు కొడుకుతో పట్నం వెళ్లిపోయి అక్కడే రెండేళ్ల క్రితం కన్నుమూశాడట. ఆ గ్లాసు సంగతి అడిగితే అమ్మకు గుర్తుకూడా లేదు. నేను చెప్పవలసిన మాట చెప్పించుకోవలసిన మనిషి లేకుండాపోయాడు.

ఈ అనుభవంనుంచి 'కథలు చదవడం వ్యర్థం' అని తీర్మానించవచ్చునా? కూడదు. నాలో ఆ నవల ఎనిమిదేళ్లు నిలిచి ఉండకపోతే, ఆ విద్యార్థి ప్రశ్న నన్ను అంతగా కుదిపేది కాదు. పుస్తకం విత్తనం వేసింది. దానికి నీరు పోయవలసిన పని నాది. ఆ పనిని నేను ఆలస్యం చేశాను. కథ కన్నీరు తెప్పించగలదు. ఆ కన్నీటికి మన ఇంటి దారి చూపవలసినవాడు పాఠకుడే. అందుకే పఠనం ఎంత ముఖ్యమో, పఠనాన్ని గురించిన పునరాలోచన కూడా అంతే ముఖ్యం.

ఈ పునరాలోచనకు పెద్ద సాధనసంపత్తి అక్కరలేదు. ఒక చిన్న నోటుపుస్తకం చాలు. చదివిన పుస్తకం పేరు, తేదీ రాసుకొని, మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోవచ్చు. ఈ కథలో నేను ఎవరి పక్షాన నిలిచాను? నిజజీవితంలో నా స్థానం ఆ కథలో ఎవరి స్థానానికి దగ్గరగా ఉన్నది? ఈ కథలోని మనిషి వంటివారు నా చుట్టూ ఎవరున్నారు? మొదటి ప్రశ్నకు జవాబు సులభంగానే వస్తుంది. రెండోది ఇబ్బంది పెడుతుంది. మూడోది పుస్తకం మూసి బయటికి నడిపిస్తుంది.

ఇష్టమైన పుస్తకాన్ని కొన్నేళ్లకు మళ్లీ చదవడం మరొక సాధనం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'ని నేను పద్దెనిమిదో ఏట చదివినప్పుడు అది కేవలం ప్రేమకోసం తపించే దయానిధి కథగా తోచింది. నలభై దాటాక చదివితే, తల్లిని గురించి లోకం చెప్పుకొనే మాటల నీడలో పెరిగిన ఒక కొడుకు కథగా కనిపించింది. నవలలో ఒక్క అక్షరమూ మారలేదు. మారినది చదివే మనిషి. ఎంత మారాడో తెలుసుకోవడానికి పాత పుస్తకంకంటె మంచి కొలబద్ద లేదు.

ఇక ఏది చదవాలి అనే ప్రశ్న. గొప్ప గ్రంథాలే చదవాలని పట్టుబట్టి, అసలు చదవడమే మానుకొనేవారున్నారు. అది సరికాదు. 1960, 70 దశకాలలో యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల నవలలు ఎందరో గృహిణులను పాఠకులుగా మార్చాయి. మా పెద్దమ్మ కూతురు వారపత్రికలనుంచి సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టి పుస్తకంగా చేసుకొనేది. అట్ట చిరిగిన ఆ కుట్టు పుస్తకాలే నన్ను గ్రంథాలయం గడప ఎక్కించాయి. మొదటి మెట్టు చిన్నదని దానిని తన్నివేస్తే పై మెట్టు అందదు. అలాగని మొదటి మెట్టుమీదనే కూర్చుండిపోకూడదు. ఈనాడు కథ కాగితంమీదనే కాక సెల్‌ఫోను తెరమీద, చెవిలో వినిపించే గొంతు రూపంలో కూడా దొరుకుతున్నది. మాధ్యమం ఏదైనా తప్పు లేదు. ఒక కథతో కొంతసేపు ఏకాగ్రంగా ఉండగలగడం, ముగిసిన వెంటనే మరొకదానికి ఎగబడకుండా కాసేపు ఆగగలగడం అవసరం. ఆ కాసేపటిలోనే కథ మనలో పని చేస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. లేని మనుషుల మంచిచెడ్డలతో మనకేమి పని? ఉన్న మనుషులను చూడటం నేర్చుకోవడమే ఆ పని. కథవల్ల ఆనందం కలుగుతుంది, లోకం తెలుస్తుంది, మన మనసు మనకే అర్థమవుతుంది. కానీ ఈ మూడూ కలిసి చివరకు మనలను పక్కనున్న మనిషి దగ్గరికి చేర్చాలి. చేర్చనినాడు ఆ లోపం కథది కాదు.

అమ్మమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. ఆ సీరియల్ పేరు గాని, అందులోని యువతి పేరు గాని నాకు జ్ఞాపకం లేదు. మరుసటి వారం ఆమెకు ఎవరు అన్నం పెట్టారో కూడా మరచిపోయాను. కవ్వం ఆపి అమ్మమ్మ అడిగిన మాట మాత్రం మరపుకు రాలేదు. ఇప్పుడు ఏ రైలుస్టేషనులోనైనా ఒంటరిగా కూర్చున్న మనిషి కనిపిస్తే నా కాళ్లు కొంచెం నెమ్మదిస్తాయి. దగ్గరికి వెళ్లి, "భోజనం చేశారా అమ్మా?" అని అడుగుతాను. కొందరు చేశామంటారు. కొందరు మాట్లాడరు. ఒకరిద్దరు లేదన్నారు. విద్యార్థులారా, మీరు చదివే కథలు కూడా ఏదో ఒక రోజున మిమ్మల్ని అటువంటి ఒక ప్రశ్న దగ్గరికి తీసుకొనిపోవాలని నా కోరిక.